గాల్లో ఎగిరే పడవలు సరే, మన పిల్లకాయలకి తెరచాప ఎవరు నేర్పుతారు?

క్యాటమరాన్ అనే మాట ఎక్కడిదో చెన్నపట్నంలో ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన దుంగలు. మన తెలుగు తీరంలో తెప్ప అంటాం. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ కోరమండల్ తీరపు తెప్పల గురించి రాశాడు. తరవాత పేరు ఒక్కటీ ఓడెక్కి పడమటికి పోయి, రెండు పడవల్ని పక్కపక్కన కలిపిన వేరే దేనికో అంటుకుంది. ఇప్పుడు ఆ పేరుతో తిరిగేది 15 మీటర్ల కార్బన్ ఫైబర్ యంత్రం. దానికి తెరచాప బదులు విమానం రెక్కలాంటిది నిలువుగా నిలబెట్టి ఉంటుంది.

సెయిల్‌జీపీ వాళ్ళ ఎఫ్50 గురించే చెబుతున్నాం. దాని అడుగున ఫాయిల్స్ అనే రెక్కలుంటాయి. కాస్త వేగం అందుకోగానే పడవ మొత్తం నీళ్ళ మీంచి లేస్తుంది. నీటి రాపిడి తగ్గిపోతుంది కాబట్టి, వీచే గాలినే మించి పరిగెడుతుంది. 2022లో సాన్ ట్రోపేలో ఫ్రాన్స్ జట్టు గంటకి 99.94 కిలోమీటర్లు అందుకుంది. మేమూ నోరు తెరుచుకునే చూశాం, అబద్ధమెందుకు?

మా తగువు ఆ పడవతో కాదు. "సెయిలింగంటే ఇక ఇదే, చిన్న పడవలన్నీ పాతచింతకాయ పచ్చడి" అనేవాళ్ళతో. మన సంఘంలోనూ ఈ మాట గట్టిగానే వినబడుతోంది.

అయ్యా, 2017లో బెర్ముడాలో అమెరికా కప్ గెలిచిన న్యూజిలాండ్ జట్టు పడవలో సైకిల్ పెడళ్ళు బిగించుకుంది. హైడ్రాలిక్ ఒత్తిడి కోసం మనుషులు కూర్చుని తొక్కారు. తెలివే, కాదనం. కానీ అందులో సెలవురోజు సముద్రం మీదికి పోయి గాలి ఎటు తిరుగుతోందో చూసుకునే మనిషికి పనికొచ్చేది ఎంత? 2013 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అలాంటి క్యాటమరానే తిరగబడి ఆండ్రూ సింప్సన్ చనిపోయాడు. ఆయన బీజింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన నావికుడు.

ఇటు చూడండి. ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ ఉంది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ ప్లైవుడ్‌తో చేయడానికి గీసిచ్చాడు. పొడవు 2.3 మీటర్లు, ఒక్కటే తెరచాప, ఒక చుక్కాని. ప్రపంచమంతా పిల్లలు దీంట్లోనే నేర్చుకుంటున్నారు, మన హార్బరులో కూడా. ఈ చెన్నై నీళ్ళలో పెరిగిన నేత్రా కుమనన్ టోక్యోకీ పారిస్‌కీ వెళ్ళింది లేజర్ రేడియల్ మీద. ఒక్కరు నడిపే పడవ, నాలుగు మీటర్లు దాటితే ఒక జానెడు. గాలి హెచ్చితే మనిషే అంచు మీంచి వెనక్కి వాలి బరువు ఆపాలి. వెనకాల ఇంజనీర్ల గుంపు ఉండదు.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి సెయిలింగ్‌లో మూడు పతకాలొచ్చాయి. నేహా ఠాకూర్‌కి రజతం, విష్ణు శరవణన్‌కి, ఇబాద్ అలీకి కాంస్యాలు. మూడింటిలో ఒక్కటి కూడా ఫాయిల్స్ మీద రాలేదు. ఇబాద్ అలీ గెలిచిన ఆర్ఎస్ఎక్స్ సెయిల్‌బోర్డునైతే పారిస్ ఒలింపిక్స్ నుంచి తీసేసి, ఆ చోట ఫాయిల్ బోర్డు పెట్టారు. పారిస్‌లో పది సెయిలింగ్ పోటీలుంటే అయిదు ఫాయిల్స్ మీదే. "పెద్దవాళ్ళ సాంకేతికత మెల్లగా కిందికి దిగుతుంది" అంటారే, దిగింది. దిగి, కష్టపడి నేర్చుకున్న కుర్రాడి కాళ్ళ కింది పలకని లాగేసింది. కొత్త సరంజామా కొనగల దేశాలకి ఇది ముందడుగు. కొనలేనివాళ్ళు మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి.

ఇంకో సంగతి. ఇంజిన్లూ ఫైబర్ పడవలూ వచ్చాక మన జాలరి ఇళ్ళలో తెరచాప కట్టడం తెలిసినవాళ్ళు ముసలివాళ్ళే మిగిలారు. తాత తెప్పమీద తెరచాప ఎత్తినవాడు, మనవడు ఫోన్లో ఎఫ్50 చూస్తున్నాడు. మధ్యలో తెగిన తాడుని ముడివేయగలిగేది చిన్న పడవే, రేసు ప్రసారం కాదు.

అందుకని, క్రీడల నిధిలోంచి పెద్ద తెర అద్దెకి తెచ్చి రేసు చూపిద్దామన్న ప్రతిపాదనకి మేం చెయ్యెత్తం. ఆ డబ్బుతో వచ్చే వేసవికి ఆరుగురు పిల్లకాయలకి శిక్షణ ఫీజూ లైఫ్ జాకెట్లూ వస్తాయా అని కోశాధికారి గారు లెక్క కట్టాలి. ఆరుగురికి చాలకపోతే నలుగురికి. వాళ్ళలో ఇద్దరైనా ఆడపిల్లలు ఉండాలి, అందరికీ ముందుగా ఈత వచ్చి ఉండాలి. పేర్లు ఉగాదిలోపు ఇవ్వండి.