బోల్టు తిప్పి బండిని చంపకండి

"ముందు లేపించకపోతే ఫోర్ బై ఫోర్ కొని ఏం లాభం బాబాయ్?" అన్నాడు మొన్న మాచర్లలో ఓ పెళ్లిలో మా చుట్టాల కుర్రాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునని తలలూపారు. పాత థార్ కొని, వారం తిరక్కుండానే ముందు భాగం లేపించుకొచ్చాడు. మన పల్నాడులో నరసరావుపేట నుంచి గురజాల దాకా ఇప్పుడిదే వరస. పాత ఫోర్ బై ఫోర్ దొరికితే చాలు, ఇంజినాయిల్ మార్చకముందే దాని ముక్కు ఆకాశానికి ఎత్తిస్తున్నారు. ఎత్తితే బండికి బలం వస్తుందట! శుద్ధ అబద్ధం. డబ్బిచ్చి మరీ బండిని పాడు చేయించుకుంటున్నారు.

ఈ పిచ్చికి మూలం వెనకటి జీపుల్లో ఉంది. ఎంఎం 540 లాంటి జీపులకు ముందు కూడా అడ్డంగా ఒకటే ఇరుసు, దానికి కమాను కట్టలు. కట్టలో ఓ పట్టీ ఎక్కువ వేస్తే బాడీ లేచేది. ఇరుసు మాత్రం రెండు చక్రాల మధ్య ఎప్పటిలాగే తిన్నగా ఉండేది. ఆ పని తెలిసిన పాత మేస్త్రీలను నేను తప్పు పట్టను. కానీ 2010లో వచ్చిన థార్‌లో సీఆర్‌డీఈ మోడల్ ఆ జాతి బండి కాదు. ముందు ఏ చక్రం ఆట దానిదే. పైనొకటి, కిందొకటి ఆర్ములు చక్రాన్ని పట్టుకుంటాయి. స్ప్రింగు పని చేసేది ఛాసిస్ పక్కన పొడుగ్గా పడుకున్న టార్షన్ బార్. 1998 నాటి సఫారీలోనూ ఇదే ఏర్పాటు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌లో బార్‌కు బదులు కాయిల్ స్ప్రింగు ఉంటుంది. ఇలాంటి ఫోర్ బై ఫోర్‌లలో ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. అక్కణ్ణుంచి చక్రాలకు రెండు పొట్టి యాక్సిళ్లు, వాటి కొసల్లో సీవీ జాయింట్లు. బండి లేపితే దెబ్బంతా ఆ కీళ్లకే.

మన షెడ్లలో జరిగేదేమిటి? టార్షన్ బార్ వెనక కొసన ఉండే బోల్టు బిగిస్తారు. ఛాసిస్ లేస్తుంది, చక్రం నేల మీదే ఉంటుంది, ఆర్ములు కిందికి వేలాడతాయి. బార్ గట్టిపడలేదు, అదే బార్. గుంట వస్తే చక్రం కిందికి దిగడానికి కంపెనీ వదిలిన జాగాను మాత్రం నిలబడి ఉండగానే ఖర్చు పెట్టేశాం. తీరా గుంట వచ్చేసరికి దిగడానికి చోటుండదు, ఆర్ము వెళ్లి రబ్బరు స్టాపుకు ఠక్కున కొట్టుకుంటుంది. ఆ చప్పుడు విని "సస్పెన్షన్ గట్టిపడింది" అని సంబరపడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. నేలను అందుకోలేని చక్రం గాల్లో ఊరికే తిరుగుతుంది, బండి అక్కడే నిలబడిపోతుంది. నాలుగు చక్రాల పట్టు కోసం కొన్న బండికి ఆ పట్టునే తీసేసి, దాన్ని బలం అంటారా?

ఈమధ్య నరసరావుపేటలో ఓ షెడ్డులో ఇలా లేపిన బండిని ర్యాంపు మీద చూశాను. ముందు చక్రం రిమ్ములోపల నల్లటి గ్రీజు వలయంలా చిమ్మి ఉంది. యాక్సిల్ బాగా వంగి తిరుగుతుండటంతో జాయింటును కప్పే రబ్బరు బూటు మడతలు ఒకదాన్నొకటి రాసుకుని, ఒకచోట గోరు దూరేంత చీలిక వచ్చింది. ఆ గ్రీజు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీల దారుల్లో తిరిగిన బండి, ఆ రాతి పొడి నేరుగా జాయింటు గుండ్ల మధ్యకు పోయింది. యాక్సిల్ మార్చాలని షెడ్డువాళ్లన్నారు, బండివాళ్లు సరే అన్నారు. బోల్టు వెనక్కి తిప్పుదామని మాత్రం ఒక్కరూ అనలేదు! అదే బండికి ముందు టైర్లు ఒక అంచునే అరిగి గుండై ఉన్నాయి. ఆర్ముల కోణం మారితే చక్రం వాలు మారుతుంది, స్టీరింగ్ కడ్డీల కోణం మారుతుంది, టైరు ఇంకెలా అరుగుతుంది?

ఎత్తు కావాలంటారు. ఎందుకయ్యా అంటే రేగడి నేలలో మిరప చేలకు పోయే డొంకల సంగతి చెబుతారు. వాన పడ్డాక ట్రాక్టర్లు తిరిగి లోతుగా గాడి పడిన డొంకలో జీపు ఎక్కడ కూర్చుంటుందో వంగి చూశారా ఎప్పుడైనా? వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ మీద. ముందు ఎంత లేపినా అది నేలకు అంతే ఎత్తులో ఉంటుంది. టైరు పెద్దదైతే తప్ప దాని ఎత్తు అంగుళం కూడా పెరగదు.

అసలు సంగతి డొంకలు కాదు, దర్పం. ఫ్యాక్షన్ సినిమాలు వరసగా సుమోలను గాల్లోకి లేపి మన పిల్లల బుర్రలు చెడగొట్టాయి. ఎన్నికలప్పుడు వెనకాల పోయే బళ్ల వరస ఎంత పొడుగుంటే అంత మొనగాడన్న లెక్క ఒకటి. పల్నాడంటే బాంబులు, కాన్వాయిలు అని బయటివాళ్లు చెప్పుకునే పేరు మనకు చాలలేదా? మిరప పండించే చేతులు, రాయి కొట్టే చేతులు ఉన్న గడ్డ ఇది. ఆ చేతుల కష్టార్జితం ఈ వేషానికి పోతుంటే నాకు కడుపు మండుతుంది.

అమెరికావాళ్లు లేపడం లేదా అని ఇంకొందరు. అక్కడ టయోటా ఫోర్ బై ఫోర్ పికప్పుకు 1986 మోడల్ నుంచే ముందు చక్రాలు విడివిడిగా ఆడే ఏర్పాటు వచ్చింది. అలాంటి బండిని పద్ధతిగా ఎక్కువ ఎత్తు లేపే కిట్టులో డిఫరెన్షియల్‌ను కూడా బ్రాకెట్లతో కిందికి దించుతారు, యాక్సిల్ కోణం చెడకుండా చూస్తారు. మన దగ్గర ఒక బోల్టు, కాదంటే స్ప్రింగు మీద ఒక ఇనుప స్పేసరు. దానికీ దీనికీ పోలికా?

ముక్కు లేచిన బండి లైట్లు ఎదుటివాడి కళ్లలోకే కొడతాయి. అద్దంకి–నార్కట్‌పల్లి దారిలో రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ల మధ్య బైకు నడిపేవాణ్ణి అడగండి. చట్టం సంగతంటారా, కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ.

మరి ఏం చేయాలి? మంచి టైర్లు వేయించండి, అరిగిన బుష్షులు, షాకబ్జర్లు మార్పించండి, బురదలో టైరు గాలి కాస్త తగ్గించి నిదానంగా పోండి. డొంకలు బాగు చేయించమని పంచాయతీని నిలదీయండి. షెడ్డు నడిపే అన్నలూ, మీకో మాట. బోల్టు మీద పానా పెట్టే ముందు ఆ యాక్సిల్ ఎంత వంగుతుందో బండిగలాయన్ని ర్యాంపు కిందికి పిలిచి చూపించండి. చూశాక కూడా లేపాల్సిందే అంటే, చక్రాల అలైన్‌మెంట్ చేయించి, ఆ కాగితం చేతిలో పెట్టనిదే బండిని గేటు దాటనివ్వకండి.