ముందున్న ఇంటిపేరు

2013 మే 25న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, ఝీరమ్ లోయలో కాంగ్రెస్ వాహనాల మీద మావోయిస్టులు విరుచుకుపడ్డారు. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మాను చంపేశారు. కోంటా ఎమ్మెల్యే కవాసీ లఖ్మా ప్రాణాలతో బయటపడ్డారు. ఇంగ్లిష్ వార్తల్లో రెండో వాక్యానికి వచ్చేసరికి వీళ్లిద్దరూ ‘కర్మా’, ‘లఖ్మా’ అయిపోతారు. చదివేవాళ్లకు రెండూ ఒక కోవకే చెందిన పేర్లు. నిజానికి కర్మా ఇంటిపేరు. లఖ్మా పెట్టిన పేరు. ఆయన ఇంటిపేరు కవాసీ.

మొదటిసారి పూర్తి పేరు, ఆ తర్వాత చివరి మాట మాత్రమే రాయడం ఇంగ్లిష్ విలేకరుల అలవాటు. ఇంటిపేరు చివర్లోనే ఉంటుందన్న నమ్మకం దానికి ఆధారం. ఈ ఇబ్బంది మనకూ తెలుసు. పాములపర్తి వేంకట నరసింహారావు ప్రధానిగా ఉన్నన్నాళ్లూ న్యూయార్క్ టైమ్స్‌కు ‘మిస్టర్ రావు’. ఇంటిపేరు మాత్రం పాములపర్తి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు సత్య నాదెళ్లలా ఇంటిపేరును వెనక్కి జరుపుకుని సర్దుకున్నారు. అది వాళ్ల ఇష్టం. బస్తర్ మనిషి పేరును మాత్రం అతన్ని అడగకుండానే కత్తిరిస్తున్నారు. నా అభ్యంతరం అదే.

సుక్మా, కోంటా వైపు పేర్లు చాలావరకు మనలాగే ఇంటిపేరుతో మొదలవుతాయి: మాడ్వి, మడకం, సోడి, పొడియం. బడి, హిందీ కాగితాలు వచ్చాక కొన్ని ఇళ్లలో వరస తిరగబడింది. కవాసీ లఖ్మా కొడుకు పేరు హరీశ్ కవాసీ. ఒక్క తరంలోనే ముందున్నది వెనక్కి వెళ్లింది. అందుకే అక్కడ ఏది ఇంటిపేరో స్థానాన్ని బట్టి తేల్చలేం, అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆ ఇంటిపేరులో చాలా సమాచారం ఉంది. అన్నదమ్ముల వరసయ్యే ఇళ్లను దాదాభాయి అని, పిల్లనిచ్చి పుచ్చుకునే ఇళ్లను అకోమామా అని బస్తర్‌లోని మాడియా గోండులు విడదీసి చెప్పే పద్ధతిని విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ 1938 నాటి తన బస్తర్ పుస్తకంలో వివరంగా రాశాడు. భద్రాచలం కోయలు మూడో గట్టు, అయిదో గట్టు అంటూ చూసుకునే వరసలూ అలాంటివే. ఇంటిపేరు వింటే ఎవరితో వియ్యమందవచ్చో, ఎవరితో కూడదో తెలిసిపోతుంది.

పెట్టే పేర్లు మరీ కొన్నే. హిడ్మా, హుంగా, జోగా, దేవా. ఆడవాళ్లలో హిడ్మే, జోగే, భీమే. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా మరణించినప్పుడు శీర్షికలో ‘హిడ్మా’ అంటే చాలింది, ఎవరో అందరికీ తెలుసు కాబట్టి. కానీ పోలీసు కేసులో, సాక్షుల జాబితాలో ఒట్టి ‘హిడ్మా’ అని రాస్తే ఏ హిడ్మా? ఊరంతా ఒకే ఇంటిపేరువాళ్లైతే అది చేర్చినా చాలదు. తండ్రి పేరు, పారా (ఊళ్లోని వాడ) పేరు కూడా కావాలి. ఇవి వదిలేసిన కాగితం ఒక అమాయకుణ్ణి జైలుకు పంపగలదు.

సరిహద్దు దాటితే ఇంకో చిక్కు. మన దగ్గర మడకం అని రాసేది ఛత్తీస్‌గఢ్‌లో మాడ్కమ్, ఒడిశా మల్కన్‌గిరిలో మడ్కామి. పొడియంను ఇంగ్లిష్‌లో కొన్నిసార్లు ఉపన్యాస వేదికకు రాసే అక్షరాలతోనే రాసేస్తారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి పారిపోయి గోదావరి ఇవతలి అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలు ఇప్పుడు మన బడుల్లో చదువుతున్నారు. రిజిస్టరులో వాళ్ల పేరెక్కించే పంతులుగారు తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఇంటిపేరో, దాన్ని వాళ్లెలా పలుకుతారో విని, పాత కాగితం ఉంటే దాంతో సరిచూసి రాయాలి. ఇంగ్లిష్ విలేకరులు రెండో వాక్యంలోనూ ‘కవాసీ లఖ్మా’ అనే రాయాలి. పెరిగేది ఒక్క మాటే.