నయాపూల్ మీద తెగిన బెల్టు

పోయిన ఏడు ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మా అత్తగారిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని లాల్ దర్వాజా నుంచి ఉస్మానియా ఆస్పత్రికి బయలుదేరాను. ఆవిడ తమ్ముడుగారు అక్కడ వార్డులో ఉన్నారు. ఆయనకు మిరియాల చారు, మెత్తగా పిసికిన అన్నం క్యారియర్లో పెట్టుకుని, దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని కూర్చున్నారావిడ. మదీనా దాటాము. నయాపూల్ ఎక్కాము. ఎడమచేతి వైపు హైకోర్టు గుమ్మటాలు, ఎదురుగా నది అవతల ఆస్పత్రి. ఇంకెంత, అయిదు నిమిషాల దారి.

సరిగ్గా వంతెన నడిమధ్యన స్కూటరు వెనక భాగంలో ‘టప్’మని ఒక చప్పుడయింది. యాక్సిలరేటరు తిప్పాను. ఇంజను అరిచింది. ఇంకా తిప్పాను, ఇంకా గట్టిగా అరిచింది. బండి మాత్రం కదలదు! ఇంజను బతికే ఉంది, చక్రమూ బాగానే ఉంది, ఆ రెంటికీ మధ్య మాటలు లేవు. వెనక ఆటోవాళ్ళ హారన్లు. అత్తగారు దిగి, క్యారియరు చంకన పెట్టుకుని, “నువ్వు బండి సంగతి చూసుకో అమ్మాయ్, వాడు ఆకలితో ఉంటాడు, నేను నడుస్తాను” అన్నారు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. ఆ ఎండలో వంతెన మీద ఆవిడ అలా మెల్లగా నడిచి వెళ్ళిపోతూంటే, వెనక బండి తోసుకుంటూ నేను. ఆ నడక తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే తప్పు రోడ్డుదీ కాదు, బండిదీ కాదు. కేవలం నాది.

వంతెన దిగి అఫ్జల్‌గంజ్ వైపు ఒక సందులో ఉస్తాద్ ఒకాయన దొరికారు. పాతబస్తీలో మంచి మెకానిక్కును అలాగే పిలుస్తారు. ఆయన నేను చెప్పేది పూర్తిగా వినలేదు. మీటరు వంక చూశారు. 31,412 కిలోమీటర్లు. “బెల్టు ఎప్పుడు మార్చిండ్రు మేడం?” అన్నారు. ఏ బెల్టు అని అడిగాను. ఆయన నవ్వలేదు. అదే మర్యాద.

ఎడమవైపు మూతకున్న బోల్టులన్నీ విప్పి మూత లాగగానే నల్లటి పొడి, దూదిలా విడిపోయిన దారాలు, వాటి మధ్య చచ్చిన పాములా రెండున్నర అంగుళాల చొప్పున పగిలిన రబ్బరు ముక్కలు. “చైను అయితే పోయే ముందు ఒర్లుతది మేడం. జారుతది, కొట్టుకుంటది, మనకు చెప్తది. బెల్టు చెప్పదు. పట్‌మని పోతది” అన్నారు ఉస్తాద్.

ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. నిజానికి ఇలాంటి బెల్టు మనకు కొత్తదేమీ కాదు. అమ్మ కుట్టుమిషను కింద తోలు తాడు ఉండేది, జ్ఞాపకముందా? కాలితో తొక్కితే పెద్ద చక్రం నుంచి పైనున్న చిన్న చక్రానికి తిరుగుడు అందించేది. వదులైతే అంగుళం ముక్క కోసి, మళ్ళీ ఇనప తీగతో బిగించేవాళ్ళం. పిండిమరలో వెడల్పాటి పట్టా ఒకటి ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఊగుతూ తిరుగుతుండేది. పిల్లల్ని దాని దగ్గరకు పోనిచ్చేవారు కాదు. స్కూటరులోదీ ఆ జాతిదే. తేడా ఏమిటంటే అది కంటికి కనబడదు, కోసి ముడివేయడానికి వీలుండదు, పైగా అది చేసే పని రెండింతలు.

పాత చేతక్‌లు గుర్తున్నవాళ్ళకు తెలుసు. 1972 నుంచి మన రోడ్ల మీద తిరిగిన ఆ బండికి గొలుసూ లేదు, బెల్టూ లేదు. ఇంజను నుంచి వెనక చక్రానికి పళ్ళచక్రాలే. ఎడమ చెయ్యి తిప్పి గేరు మార్చాలి. 1984లో కైనెటిక్ హోండా వచ్చాక గేరు మార్చే బాధ పోయింది. 2001లో యాక్టివా వచ్చాక మధ్యతరగతి ఇళ్ళలో అత్తలూ కోడళ్ళూ కూడా బండి ఎక్కారు. నేనూ అలా ఎక్కినదాన్నే. గేరు లేదు, క్లచ్చి నొక్కక్కరలేదు, తిప్పితే పోతుంది! ఆ గేర్లన్నీ ఎక్కడికి పోయాయని మాత్రం నేను ఒక్కనాడూ అడగలేదు. అవి ఆ బెల్టులోకి పోయాయి.

ఎలాగంటే చూడండి. ముందొక కప్పీ, వెనకొక కప్పీ. ఒక్కొక్కటీ రెండు పళ్ళేలు వీపు వీపు ఆనించినట్టుంటుంది, మధ్యలో లోయ. ఆ లోయలో బెల్టు కూర్చుంటుంది. బెల్టు అంచులు కూడా ఆ లోయకు తగినట్టు ఏటవాలుగా ఉంటాయి. అమెరికాలో జాన్ గేట్స్ అనే ఆయన 1917లో కనిపెట్టిన ఆకారమది. ముందు కప్పీ వెనకాల చిన్న గుండ్రటి రోలర్లుంటాయి, చాలా బండ్లలో ఆరు. నుమాయిష్‌లో రంగులరాట్నం వేగం పుంజుకున్నకొద్దీ కుర్చీలు బయటికి విసిరినట్టు లేస్తాయి కదా? ఇంజను వేగం పెరిగినకొద్దీ ఈ రోలర్లూ అలాగే బయటికి జరిగి, ఒక పళ్ళేన్ని రెండోదాని వైపు నెడతాయి. లోయ ఇరుకవుతుంది, బెల్టు పైకి ఎక్కుతుంది. బెల్టు సాగదు గనుక వెనక కప్పీలో అది స్ప్రింగును ఒత్తుకుంటూ లోపలికి దిగుతుంది. చిన్న చక్రం పెద్దదయింది, పెద్దది చిన్నదయింది. అంటే గేరు మారింది! హాలెండులో వాన్ డోర్న్ అనే ఆయన 1958లో ఇదే ఉపాయంతో కారు నడిపించాడు. డాఫ్ అని దాని పేరు.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఆ బెల్టు రోజంతా రెండు ఇనప గోడల మధ్య నలుగుతూ, ఎక్కుతూ, దిగుతూ ఉంటుంది. మదీనా నుంచి అఫ్జల్‌గంజ్ వరకు పది గజాలకొకసారి ఆగి కదిలే దారిలో మరీను. అరుగుదల అంచుల మీద. వెడల్పు తగ్గిన బెల్టు ముందు కప్పీలో పైదాకా ఎక్కలేదు. ఇంజను ఎక్కువ అరుస్తుంది, బండి మునుపటంత పరుగెత్తదు, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. ఇవన్నీ ఎంత మెల్లగా జరుగుతాయంటే, రోజూ నడిపేవాళ్ళకు తెలియదు. మా వారు ఎప్పుడో ఒకసారి నడిపి, “ఏమిటి, నీ బండి దగ్గుతోంది?” అన్నారు. ఆయనకు నడపడం రాదని నేను అనుకున్నాను. పై సర్వీసులో కుర్రాడు కూడా “బెల్టు ఒకసారి చూడాలి మేడం” అన్నాడు. వచ్చేసారి చూద్దామన్నాను. ఆ వచ్చేసారి పరీక్షలు, దాని తరవాత మా అబ్బాయి ఫీజు. బెల్టు ఖరీదు ఎంతో తెలుసా? నలుగురం సినిమాకు వెళ్ళినంత కూడా కాదు.

చాలా స్కూటర్లకు 20,000 కిలోమీటర్ల చుట్టుపక్కల బెల్టు మార్చాలి. మీ బండితో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఖచ్చితమైన అంకె ఉంటుంది. వారంటీ కాగితాలతోపాటు బీరువాలో ఉంటుంది, తీసి చూడండి. అంతకంటె ముందే సర్వీసుకిచ్చినప్పుడల్లా మూత తీయించి, వెర్నియరుతో వెడల్పు కొలిపించాలి. కొత్తదానికంటె ఒక మిల్లీమీటరు పైచిలుకు తగ్గిందంటే దాని రోజులు అయిపోయినట్టే. లోపలి పళ్ళ మొదళ్ళలో చీలికలున్నా, అంచున దారం పోగు లేచినా, కొలత చూడక్కరలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మన ఇళ్ళలో ఏ యంత్రం మూలిగినా నూనె చుక్క వేస్తాం. కుట్టుమిషనుకు వేస్తాం, తలుపు బందుకు వేస్తాం. మా బావగారు తన మోటారుసైకిలు గొలుసుకు ఆదివారం ఆదివారం నూనె పెట్టకపోతే భోజనం చేయరు. గొలుసు విషయంలో ఆయన చేసేది సబబే. బెల్టుకు మాత్రం నూనె విషం. అది పట్టు మీద బతుకుతుంది. అంచున ఒక చుక్క గ్రీజు పడినా జారుతుంది, జారితే కాలుతుంది. కప్పీల ముఖాలు పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. కొత్త బెల్టు ఎక్కించే చేతులు కూడా కడుక్కుని ఉండాలి. ఉస్తాద్ తన పనికుర్రాణ్ణి సబ్బు పెట్టి చేతులు కడుక్కోమంటే మొదట నాకు ఆశ్చర్యం వేసింది.

ఇంకొక సంగతి ఆయన చేతుల్లో చూసి నేర్చుకున్నాను. దీనికి వెనక కథ ఒకటుంది. మా కాలేజీలో చరిత్ర చెప్పే సహోద్యోగిని ఒకామె అంతకు ముందే బెల్టు మార్పించుకుంది. ఎక్కడ అన్నది అనవసరం. వారం తిరక్కుండా ఎడమవైపు గరగరమని చప్పుడు. విప్పితే ముందు కప్పీ నట్టు వదులైపోయి, ఇరుసు మీద గాడులు అరిగిపోయాయి. ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు! అదెందుకయిందో ఉస్తాద్ చూపించారు. బెల్టును ఊరికే రెండు కప్పీలకు తగిలించి ముందు నట్టు బిగిస్తే, లోయలో అడుగున కూర్చోవలసిన బెల్టు రెండు పళ్ళేల మధ్య నలుగుతుంది. నట్టు బిగిసినట్టే చేతికి తోస్తుంది. నిజానికి అది బిగిసింది బెల్టు మీద, ఇరుసు మీద కాదు. బండి నడిచి బెల్టు సర్దుకోగానే నట్టు వదులు. అందుకని ముందు వెనక కప్పీ పళ్ళేలను విడదీసి, బెల్టును అందులో లోతుగా నొక్కాలి. అప్పుడు ముందువైపు చాలినంత వదులు వస్తుంది. అక్కడ బెల్టు అడుగున వాలి ఉండగా, పళ్ళెం ఇరుసుకు ఆనిందని కంటితో చూసి నట్టు బిగించాలి, అదీ కొలత చూపే పానాతో. బెల్టు మీద బాణం గుర్తుంటే అది తిరిగే దిక్కుకు ఉండాలి. ఆపైన నడిమి స్టాండు మీద నిలబెట్టి, ఇంజను తిప్పి, బెల్టు వెనక కప్పీ అంచుదాకా ఎక్కిందో లేదో చూసి మూత వేశారాయన.

అదే సమయంలో రోలర్లు బయటికి తీసి అరచేతిలో దొర్లించి చూపారు. రెండు ఒకవైపు చదునుగా అరిగి, గుండ్రం పోయి ఉన్నాయి. ఆరూ మార్చారు. మూతలో క్లచ్చి పొడి పేరుకుంటే నోటితో ఊదకూడదట. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తీశారు.

కొనేటప్పుడు సరుకు చూసి కొనాలి. అసలు పొట్లం లాగే కనిపించే నకిలీలు అంగళ్ళలో వేలాడుతుంటాయి. బిల్లు ఇచ్చే చోట, బండి మోడలు, పార్టు నంబరు చెప్పి కొనండి. ఇంట్లో నిలవ ఉంచితే చిన్నగా మడిచి తాడు కట్టవద్దు, గుండ్రంగానే ఉంచాలి. దారిలో తెగితే వేసుకుందామని సీటు కింద ఒకటి పెట్టుకునేవాళ్ళున్నారు. పెట్టుకోవచ్చు గాని, ఆ నట్టు విప్పే సరంజామా కూడా సీటు కింద పట్టదు కదా!

వానాకాలం మాట చెప్పకపోతే హైదరాబాదు వాళ్ళు ఒప్పుకోరు. నేను బండి ఆగి నిలబడ్డది మూసీ మీద. 1578లో కట్టిన పురానాపూల్‌కు చెల్లెలు గనుక దీనికి ‘నయా’ అని పేరు. 1908 సెప్టెంబరు 28న ఆ నది ఊరి మీదికి వచ్చినప్పుడు ఇక్కడి వంతెన కొట్టుకుపోయింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. 2020 అక్టోబరులో వచ్చిన నీళ్ళు మనమే చూశాం. అలాంటి నీళ్ళలోకి స్కూటరు దింపితే బెల్టు గదిలోకి నీరు చేరుతుంది. బయటికి వచ్చాక ఇంజను అరుస్తుంది గాని బండి లాగదు. అప్పుడు కంగారుపడి ఇంకా తిప్పితే బెల్టు జారి జారి కాలిపోతుంది. కాసేపు ఆగి, మెల్లగా కదిలించి ఆరనివ్వాలి. బురదనీళ్ళయితే ఆ వారంలోనే మూత తీయించాలి. ఇసుక లోపల ఉండి సానపడుతుంది.

ఈమధ్య కరెంటు బండ్లు కొన్నవాళ్ళు మాకీ బాధ లేదనుకుంటున్నారు. అందరికీ కాదు. ఏథర్ స్కూటరు, కొన్ని రివోల్ట్ మోటారుసైకిళ్ళు వెనక చక్రానికి బెల్టుతోనే తిరుగుతాయి. 1980 నుంచి హార్లే డేవిడ్‌సన్ వాళ్ళు తమ పెద్ద బండ్లకు పెడుతున్నదీ ఈ రకమే. దీనికి లోపల పళ్ళుంటాయి, నూనె అక్కరలేదు, చప్పుడుండదు. అయితే ఇది బయటికి కనబడే బెల్టు. పంటి సందులో గులకరాయి ఇరుక్కుందా, అంచు చీలిందా, బిగువు సరిగ్గా ఉందా అని నెలకొకసారి వంగి చూడడానికి ఖర్చేమీ లేదు.

ఆ రోజు నేను ఆస్పత్రి చేరేసరికి చారు చల్లారిపోయింది. అత్తగారు తమ్ముడికి అప్పటికే తినిపించేశారు. మంచం పక్క స్టూలు మీద మోకాళ్ళు చాపుకుని కూర్చుని, “దొరికిందా తెగింది?” అన్నారు. కాగితంలో చుట్టి తెచ్చిన ముక్క చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, “దీని మీదనా మనమిద్దరం కూర్చున్నది!” అని తన సంచీలో వేసుకున్నారు.

ఆ ముక్క ఇప్పుడు మా వంటింట్లో క్యాలెండరు మేకుకు వేలాడుతోంది. పక్కన గోడ మీద పెన్సిలుతో 31,412 అని ఆవిడే రాశారు. మొన్న నేను కూరలు దించుతూంటే వీధిలోకి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, స్కూటరు మీటరు చదివి వచ్చారు. “ముప్ఫైతొమ్మిది వేలు దాటిందే అమ్మాయ్, మూత ఎప్పుడు తీయిస్తున్నావు?” అన్నారు. శనివారం మధ్యాహ్నం ఉస్తాద్ రమ్మన్నారని చెప్పాను. తానూ వస్తానంటున్నారు.