కాపుర మొకచోట, పెత్తన మొకచోట

విదేశీకంపెనీలు మన దేశమున స్థాపించు అనుబంధ కంపెనీలను గూర్చి మన చట్టము చెప్పుచున్న దేమి? 2013వ సంవత్సరపు కంపెనీల చట్టములో 149వ సెక్షను తీసి చూడుడు. ప్రతి కంపెనీ బోర్డునందును, ఆర్థిక సంవత్సరములో 182 దినములకు తక్కువగాకుండ ఈ దేశమున నివసించిన డైరెక్టరు ఒకరైన నుండవలెను. ఆయన భారతీయుడే కానక్కరలేదు. ఇచ్చట నుండిన చాలును. నియమము మంచిదే. సమను అందుకొనుటకును, కార్మికుడు మొరపెట్టుకొనుటకును ఒక మనుష్యుడు కంటికి కనబడవలెను గదా!

అయితే ఆ మనుష్యునకు అధికార మెంత? ఆ మాట నియమావళి వ్రాసికొనువారికే విడువబడినది. వారి వ్రాతలతీరు వకీలువృత్తిలో నున్న మే మెఱుగుదుము. ఇంత మొత్తమునకు మించిన ఖర్చునకు మాతృకంపెనీ అనుమతి; మేనేజరును నియమించుటకు అనుమతి, తొలగించుటకు అనుమతి; బ్యాంకులో ఖాతా తెఱచుటకును అనుమతి. ఇక మిగిలిన దేమి? సంతకము. నేతిబీరకాయలో నేయి యెంతయో ఈ డైరెక్టరునకు అధికార మంత. ఇటీవల ఒక పెద్దమనుష్యుడు సమను చేతబట్టుకొని మా యొద్దకు వచ్చెను. పేరు బోర్డున కెక్కి మూడేండ్లయినను, తన కంపెనీ చేయు వ్యాపార మేదియో ఆయన సరిగా చెప్పజాలకపోయెను. ఉత్సవవిగ్రహమునకైన ఏటి కొకమాఱు ఊరేగింపు గలదు. ఆయనకు అదియు లేదు!

ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులో విషవాయువును గ్రక్కిన కర్మాగారము యూనియన్ కార్బైడు ఇండియా కంపెనీది. అందు అమెరికా మాతృకంపెనీ వాటా నూటికి 50.9. అయినను ఆ మాతృకంపెనీ యేమి వాదించెను? భారతకంపెనీ ప్రత్యేకసంస్థ యనియు, దానిని నడపినవారు భారతీయులే యనియు. 1986లో న్యూయార్కు న్యాయస్థానము వ్యాజ్యములను మన దేశమునకే త్రిప్పి పంపెను. మాతృకంపెనీ అధ్యక్షుడు వారెన్ ఆండర్సన్ డిసెంబరు 7న అరెస్టయి, నాడే జామీనుపై విడుదలై, మరల మన న్యాయస్థానపు గడప త్రొక్కకయే 2014లో మరణించెను. 2010 జూన్ 7న శిక్షపడినది భారతీయాధికారులకు: రెండేసి యేండ్లు, వెంటనే జామీను. వారు నిరపరాధులని మే మనుట లేదు. వారిపై పెత్తనము చేసినవా రెక్కడ నని యడుగుచున్నాము.

చట్టమునకు మార్గము తెలియకపోలేదు. ఎవరి యాదేశముల ననుసరించి బోర్డు నడచుట వాడుకయో, వారినిగూడ 2వ సెక్షను తప్పుచేసిన యధికారులలో లెక్కించుచున్నది. (వృత్తిరీత్యా సలహా చెప్పువారిని మినహాయించినది. మా వకీళ్లకు అదియొక యూరట!) కాని ఆదేశము కాగితముపై కనబడకున్న రుజువు చేయు టెట్లు? బోర్డు తన ముఖ్యాధికారములను గూర్చి చేయు తీర్మానములను రిజిస్ట్రారునకు దాఖలు చేయు బాధ్యతనుండి ప్రైవేటు కంపెనీలను 2015లో తప్పించిరి. విదేశీసంస్థల చేతిక్రింది ప్రైవేటు కంపెనీలకు ఈ మినహాయింపు రద్దు కావలెను. స్థానిక డైరెక్టరు స్వయముగా చేయగల దేదియో, పైయనుమతి కావలసిన దేదియో, ఆ యనుమతి నిచ్చు అధికారి పేరేమో వ్రాసి దాఖలు చేయవలెను. రుసుము చెల్లించి రిజిస్ట్రారు దస్త్రములలో పెక్కింటి నెవరైనను చూడవచ్చును.

ఇట్లయిన మూలధనము బెదరి పాఱిపోవు నని కొంద ఱందురు. అమెరికాలోని డెలవేరున నొక చిరునామా, నొక ఏజెంటు ఉన్న చాలును, డైరెక్టరు అచ్చట నివసింప నక్కరలేదని చూపుదురు. నిజమే. మన తెలుగు యువకులును కొందఱు అచ్చట కంపెనీ రిజిస్టరు చేసి హైదరాబాదులో అనుబంధసంస్థను నడుపుచున్నారు. మే మడుగు నియమము వారికిని వర్తించును. మూలధనపు జాతి మాకు పనిలేదు. 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము పెట్టిన ఈస్టిండియా కంపెనీకి పైవారు లండనులో నుండిరి. ఆ దూరపు పెత్తనపు రుచి తెలుగుదేశ మెఱుగనిది కాదు.

పైని చెప్పిన పెద్దమనుష్యుడు రాజీనామా వ్రాయగా, దాని నంగీకరించుటకును పైవారి యనుమతి కావలెనని జవాబు వచ్చినదట. 168వ సెక్షను ప్రకారము రాజీనామాకు ఎవరి యనుమతియు నక్కరలేదని చెప్పి పంపితిమి. పదవిలో నుండగా జరిగిన తప్పులకు బాధ్యతమాత్రము విడువదని కూడ చెప్పవలసివచ్చినది.