పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు: ముందు క్యాబినెట్ తెరిచి చూడండి

ఏడెనిమిదేళ్ల కిందట ముచ్చటపడి కొనుక్కున్న గేమింగ్ కంప్యూటర్ ఇంట్లో ఉన్నవారికి 2025 అక్టోబర్‌లో రెండు దెబ్బలు తగిలాయి. ఆ నెల 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అదే నెలతో పాస్కల్ తరం కార్డులకు కొత్త గేముల డ్రైవర్లు ఇవ్వడాన్ని ఎన్విడియా ఆపేసింది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1060 ఈ తరానివే. భద్రతా అప్‌డేట్లు 2028 అక్టోబర్ వరకు వస్తాయి కాబట్టి కార్డు రేపే మూలన పడదు. కొత్త గేముల విషయంలోనే చిక్కు.

మూడో దెబ్బ ధరలది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ మెమరీ ఉత్పత్తిలో ఎక్కువ భాగాన్ని అటు మళ్లిస్తున్నాయి. వినియోగదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటామని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే మెమరీ కూడా ప్రధానంగా ఈ మూడు కంపెనీలదే. పైగా 18 శాతం జీఎస్‌టీ. ఇలాంటప్పుడు తప్పు కార్డు కొంటే నష్టం మామూలు రోజులకన్నా ఎక్కువ.

ఆ నష్టం అందరికీ ఒకేలా ఉండదు. హైదరాబాద్‌లో ఉన్నవారు కార్డు కుదరకపోతే మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి అడగొచ్చు. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా భేజ్జిలో ఉన్న కుర్రాడు ముందు జాతీయ రహదారి మీదున్న కోంటాకు చేరాలి. అక్కడి నుంచి చింతూరు, భద్రాచలం మీదుగా హైదరాబాద్ సుమారు 400 కిలోమీటర్లు. అతను ఒకే ప్రయత్నంలో సరైన కార్డు ఎంచుకోవాలి. అతనికి అవసరమైన జాగ్రత్తలే మిగతావారికీ డబ్బు మిగులుస్తాయి.

మొదట ఎస్‌ఎంపీఎస్

స్టిక్కర్ మీద 450 వాట్లని ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. అక్కడే 12 వోల్టుల లైన్‌కు ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. దాన్ని 12తో గుణించండి. 20 ఆంపియర్లయితే 240 వాట్లే. ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్ల కార్డు, మామూలు ప్రాసెసర్‌కు మరో 65. అక్కడికే లెక్క 250కి చేరింది. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా కలపలేదు. గేమ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోవడానికి తరచూ ఇదే కారణం.

స్లాట్ నుంచి కార్డుకు అందే విద్యుత్తు 75 వాట్ల వరకే. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం 70 వాట్లతో నడుస్తుంది, సాధారణంగా విడిగా కేబుల్ అక్కర్లేదు. అదే పేరుతో ఉన్న 8 జీబీ కార్డు దీనికన్నా వేగమైనది, 130 వాట్లది. పెట్టె మీద అంకె చూసి తీసుకోవాలి.

మదర్‌బోర్డు, ప్రాసెసర్

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లేన్లనే వాడుతుంది. పీసీఐఈ 3.0 బోర్డులో దాని దారి సగానికి తగ్గుతుంది. 4 జీబీ మెమరీ నిండగానే గేమ్ తడబడుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు బయోస్‌లో రీసైజబుల్ బార్ ఉండాలి. చాలా పాత బోర్డుల్లో అది లేదు.

కాడికి ఒకవైపే బలమైన ఎద్దును కడితే బండి సాగదు. గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరగకపోతే అడ్డం పడుతున్నది ప్రాసెసర్. అప్పుడు కొత్త కార్డుతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పైగా ఇంటెల్ 8వ తరం కన్నా పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారిక మద్దతు లేదు. విండోస్ 10లో ఆర్‌టీఎక్స్ కార్డులకు కూడా గేమ్ డ్రైవర్ల గడువు 2026 అక్టోబర్ వరకే.

సెకండ్ హ్యాండ్ బేరాలు

2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు పాత సరుకు మార్కెట్‌కు వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048ఎస్‌పీ అనే తక్కువ కోర్ల రకమూ అమ్ముడవుతోంది. అసలు దానికి 2304 కోర్లుంటాయి. పాత చిప్‌లకు బయోస్ మార్చి 1050 టీఐగా అమ్మిన నకిలీలూ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వీటిలో చాలావాటిని పట్టిస్తుంది. డబ్బు ఇచ్చే ముందు అమ్మేవారి కంప్యూటర్‌లోనే దాన్ని నడిపించి, అరగంట గేమ్ ఆడించి చూడాలి.

ఎవరికి ఏది?

వాలరెంట్, జీటీఏ 5 లాంటివే ఆడేవారు, పాత కార్డు పనిచేస్తుంటే, కొనకపోవడమే మేలు. దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్చుకుంటే చాలు.

కార్డు పాడైంది, ఎస్‌ఎంపీఎస్ చిన్నది అంటే 3050 6 జీబీ నిలకడైన ఎంపిక. దాంతో అన్నీ ఆడలేరు. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ గేములకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉన్న 8 జీబీ కార్డు కనీస అవసరం.

నమ్మకమైన 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ఆరు కోర్ల ప్రాసెసర్ ఉన్నవారు 8 జీబీకి వెళ్లొచ్చు. 2025లో 249 డాలర్లకు విడుదలైన ఆర్‌టీఎక్స్ 5050 ఒకటి. 2021 నాటి ఆర్‌ఎక్స్ 6600 మరొకటి. దీని తరాన్ని ఏఎండీ 2025 చివర్లో వేరే డ్రైవర్ శాఖకు మార్చినా, గేములకు మద్దతు కొనసాగుతుందని చెప్పింది. రెండింటిలో మీ ఊరికి తక్కువ ధరలో, బిల్లుతో దొరికేది తీసుకోండి.

చివరగా ఒక ప్రశ్న మర్చిపోవద్దు. వారంటీ ఎన్నేళ్లో పెట్టె మీద ఉంటుంది. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో, కార్డును అక్కడికి పంపే ఖర్చు ఎవరిదో డబ్బు కట్టకముందే అడగాలి. భేజ్జి నుంచి కొనేవారికి కార్డు అసలు ధరలో అదీ భాగమే.