పందెపు దూరము – మేలుజాతి గుర్రముల దారి

గుర్రపుపందెము లనగానే మనవారికి ముందుగ స్ఫురించునది జూదము. ఆ జూదమును సమర్థించుట ఈ వ్యాసోద్దేశము కాదు. కాని ఆ జూదమును ప్రక్కకు నెట్టి చూచినచో, విజ్ఞులు పరిశీలింపదగిన విషయ మొకటి అందు కలదు. మేలుజాతి గుర్రమును ఏ పందెమునకు పంపవలెను అను నిర్ణయము యజమాని అభిరుచిపైనను, బహుమానపు సొమ్ముపైననే గాక, పరుగెత్తవలసిన దూరముపైన కూడ ఆధారపడియున్నది. ఆ దూరమును నిర్ణయించువారు పందెముల నిర్వాహకులు. కొలబద్దను మార్చినచో కొలువబడు వస్తువు సైతము క్రమముగ మారునా? ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పరీక్షలో అడుగు ప్రశ్నలను బట్టియే చదువు సాగుట మనమెరిగినదే కదా!

ఆంగ్లదేశమున మూడేండ్ల గుర్రములకు పూర్వమునుండి మూడు ప్రధాన పరీక్షలు కలవు. వసంతమున న్యూమార్కెట్టులో జరుగు రెండువేల గినీల పందెము ఒక మైలు, అనగా సుమారు 1600 మీటర్లు. ఎప్సమ్‌లో జరుగు డర్బీ మైలున్నర, అనగా సుమారు 2400 మీటర్లు. సెప్టెంబరులో డాంకాస్టరున జరుగు సెయింట్ లెజరు దాదాపు 2900 మీటర్లు. వేగము, వేగముతో కూడిన ఓపిక, కేవలమైన ఓపిక – ఈ మూడింటిని ఒక్క సంవత్సరములోనే చూపవలెనని ఈ ఏర్పాటులోని భావము. మూడింటిని గెలిచిన గుర్రమునకు త్రికిరీటము దక్కును. 1970లో నిజిన్‌స్కీ అను గుర్రము ఈ గౌరవమును పొందెను. ఆ తరువాత మరి యే గుర్రమును ఆ మూడు పందెములను గెలువలేదు. 2012లో కేమెలాట్ మొదటి రెండింటిని గెలిచి, మూడవదానిలో ముప్పాతిక గుర్రపు నిడివి తేడాతో ఓడిపోయెను.

అయితే, గెలువలేకపోవుట కంటె, ప్రయత్నింపకపోవుటయే గమనింపదగిన సంగతి. 2009లో సీ ది స్టార్స్ గినీలను, డర్బీని గెలిచియు సెయింట్ లెజరు వంక చూడలేదు. అది 2000 మీటర్ల పందెములకు మరలి, ఎక్లిప్స్ పందెమును, యార్కు పందెమును, ఐర్లండు ఛాంపియన్ పందెమును గెలిచి, అక్టోబరులో పారిస్ నగరమున 2400 మీటర్ల ఆర్క్ పందెముతో తన పరుగు ముగించెను. 2011లో గినీలను గెలిచిన ఫ్రాంకెల్ డర్బీకే పోలేదు. ఆడిన పదునాలుగు పందెములను గెలిచిన ఆ గుర్రము, 2012 ఆగస్టు వరకు ఒక మైలును దాటి పరుగెత్తలేదు. 2400 మీటర్ల పరీక్షకు ఎన్నడును నిలువలేదు. అయినను అది మహాశ్వము కాదని అనువారు లేరు.

దీనికి మూలమేమి? మొదటిది శరీరధర్మము. 2010లో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన శాస్త్రజ్ఞులు, కండరముల పెరుగుదలను అదుపుచేయు ఒక జన్యువు యొక్క భేదములను బట్టి గుర్రమునకు అనువైన దూరమును ఊహింపవచ్చునని తెలిపిరి. ఒక విధమైన జన్యువులు కలది పొట్టి పరుగునకు, మరియొక విధమైనవి కలది నిడుపు పరుగునకు, రెండును కలిసినది మధ్యమదూరమునకు తగియుండును. రెండవది వ్యాపారము. మేలైన మగగుర్రము పరుగెత్తునది రెండు మూడేండ్లు మాత్రమే. సంతానము ద్వారా యజమానికి ఆర్జించిపెట్టునది అనేక సంవత్సరములు. నిడుపు పందెమున గెలిచినచో దానికి 'నిదానపు గుర్రము' అను ముద్ర పడును. అట్టి గుర్రములను కంచెలు దుముకు పందెపు జాతికి తండ్రులుగ వినియోగించుట ఆంగ్ల, ఐర్లండు దేశములలో పరిపాటి. కావున ఓపికను నిరూపించుటవలన గౌరవము పెరిగినను విలువ తగ్గు విచిత్రస్థితి ఏర్పడినది.

ఇట్టి స్థితిలో నిర్వాహకులు దూరమును మార్చినచో ఏమి జరుగునో ఫ్రాన్సు దేశపు అనుభవము తెలుపుచున్నది. షాంటియీలో జరుగు ఫ్రెంచి డర్బీని 2005లో 2400 మీటర్లనుండి 2100 మీటర్లకు తగ్గించిరి. ఆ సంవత్సరమే షమార్దల్ అను గుర్రము 1600 మీటర్ల ఫ్రెంచి గినీలను, వెంటనే ఈ డర్బీని గెలిచెను. 2010లో లోప్ ద వేగా, 2017లో బ్రామెటో, 2021లో సెయింట్ మార్క్స్ బసిలికా అదే జోడును సాధించెను. ఈ చివరి గుర్రమును ఐర్లండునుండి రెండుమారులు సముద్రము దాటించి ఫ్రాన్సుకు పంపిరి. మైలు పరుగుగల గుర్రమునకు పూర్వము రెండే దారులు: మైలు పందెములందే నిలుచుట, లేక ఒక్కసారిగ మైలున్నరకు సాహసించుట. ఇప్పుడు నడుమ మూడవ ద్వారము తెరువబడినది. ఎప్సమ్‌కు పోదగిన కొన్ని గుర్రములకు అది ఆకర్షణ అయినది.

దీనిని బట్టి ఫ్రెంచివారు ఓపికను విసర్జించిరని తీర్పు చెప్పుట తొందరపాటు. అదే 2005లో వారు జులైలో జరుగు పారిస్ గ్రాండ్ ప్రీ పందెమును 2000 మీటర్లనుండి 2400 మీటర్లకు పెంచిరి. 2019లో షాంటియీలో గెలిచిన సొత్సాస్ మరుసటి సంవత్సరము ఆర్క్‌ను గెలిచెను. 2023లో ఏస్ ఇంపాక్ట్ ఒకే సంవత్సరమున రెండింటిని గెలిచెను. జూన్ మాసమున 2100 మీటర్లు పరుగెత్తిన గుర్రము అక్టోబరునకు 2400 మీటర్లకు ఎదుగవచ్చునని దీనివలన స్పష్టమగుచున్నది. పొట్టి దూరము ఓపికను చంపదు. అయితే దానిని వెంటనే అడుగదు.

ఇదే సూత్రము ఇతర దూరములందును కనబడును. 2015లో రాయల్ ఆస్కాట్‌న మూడేండ్ల గుర్రములకై 1200 మీటర్ల కామన్వెల్త్ కప్పు నెలకొల్పబడినది. ఆ యేడు వసంతమున ఫ్రెంచి గినీలలో వెనుకబడిన ముహారార్, ఈ క్రొత్త పందెమున గెలిచి, ఆ సంవత్సరపు పొట్టి పరుగులలో మేటి యయ్యెను. మరియొక వైపున, నిడుపు పందెములను ఆదరించు ప్రయత్నము కూడ జరిగినది. నియమితమైన నాలుగు నిడుపు పందెములను ఒకే యేట గెలిచిన గుర్రమునకు పది లక్షల పౌనుల ప్రత్యేక బహుమానము 2018లో అమలులో నుండగా, స్ట్రాడివేరియస్ ఆ యేడును, 2019లోను దానిని గెలుచుకొనెను. ఆ పథకము ఎల్లకాలము నిలువలేదు. కాని తగిన పరీక్షయు, తగిన గౌరవమును ఉన్నచో ఓపికగల గుర్రమును యజమానులు అట్టిపెట్టుకొందురని అది చూపినది.

మన దేశపు ప్రధాన పందెములును ఆంగ్లపద్ధతిననే ఏర్పడినవి. గినీలు 1600, డర్బీ 2400, పూనాలో జరుగు సెయింట్ లెజరు 2800 మీటర్లు. కావున ఈ చర్చ మనకును దూరమైనది కాదు.

గుర్రమునకు తన దూరమును ఎన్నుకొను శక్తి లేదు. యజమాని తన లాభమును చూచును. శిక్షకుడు తన గుర్రపు బలమును చూచును. మొత్తము జాతి యొక్క వైవిధ్యమును చూడవలసినవారు పరీక్షను ఏర్పరచువారే. అన్ని పందెములను ఒకే దూరమునకు దగ్గరగ లాగినచో గెలుపులు ఆకర్షణీయముగనే ఉండును. కాని కొన్ని తరముల పిమ్మట, అడుగక విడిచిన గుణము పుట్టుకలోనే సన్నగిల్లును. దూరములు పలువిధములుగ నుండనిచ్చి, ప్రతి దూరమునకును గౌరవము కల్పించుట నిర్వాహకుల ధర్మము. విజేతలను వెదకుట సులభము. విజేతలు కాదగినవారి కందరికిని తగిన పరీక్షను కల్పించుట కష్టము. తరగతి గదిలో నిలుచువారికి ఈ భేదమును వేరుగ చెప్పనక్కరలేదు.