గ్రహాన్ని కట్టారు, జనాన్ని తగ్గించారు

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లోని ‘స్టార్ వార్స్: గెలాక్సీస్ ఎడ్జ్’ కథాకాలాన్ని వెనక్కి జరుపుతున్నట్టు డిస్నీ ప్రకటించింది. 2026 ఏప్రిల్ 29 నుంచి అక్కడి వీధుల్లో ల్యూక్ స్కైవాకర్, లేయా, హాన్ సోలో తిరుగుతారని, డార్త్ వేడర్ కూడా వస్తాడని, ఆ సినిమాలకు జాన్ విలియమ్స్ కూర్చిన, ఇన్నాళ్లూ ఆ వీధుల్లో వినిపించని సంగీతం వినిపిస్తుందని ఆ ప్రకటన సారాంశం. 2019లో తలుపులు తెరిచిన నాటి నుంచి అభిమానులు అడుగుతున్నది ఇదే కాబట్టి, దీన్ని వాళ్ల గెలుపుగా చెప్పుకుంటున్నారు. గెలుపే, సందేహం లేదు. అయితే అభిమానుల కోరికలు రెండు, తీరబోతున్నది వాటిలో తేలికైనది. రెండోది ఇంతకంటే లోతైనది. ఆ లోకంలోకి మేం అడుగుపెట్టిన సంగతి ఆ లోకానికి తెలియాలి, మేం చేసినదానికి అది బదులు పలకాలి అన్నది. దాని ఊసు ఈ ప్రకటనలో లేదు.

ఆ కోరిక ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఆ ప్రాంగణాన్ని ఎలా కట్టారో చూడాలి. 2015 ఆగస్టులో డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ దీన్ని ప్రకటించారు. 2019 మే 31న కాలిఫోర్నియాలో, అదే ఏడు ఆగస్టు 29న ఫ్లోరిడాలో తెరిచారు. ఒక్కొక్కటి 14 ఎకరాలు. సినిమాల్లో అందరికీ తెలిసిన టాటూయిన్ ఎడారినో, మంచు కప్పిన హోత్‌నో కట్టి ఉంటే జనం చూడగానే గుర్తుపట్టేవాళ్లు. స్కాట్ ట్రోబ్రిడ్జ్ నాయకత్వంలోని రూపకర్తలు ఆ దారి పట్టలేదు. బటూ అనే కొత్త గ్రహాన్ని, దాని మీద బ్లాక్ స్పైర్ అనే సరిహద్దు ఊరిని ఊహించారు. తెలిసిన గ్రహమైతే అక్కడ కథ ల్యూక్‌దీ లేయాదీ అవుతుంది, కొత్త ఊరైతే వచ్చినవాళ్ల కథకు చోటుంటుందని వాళ్ల ఆలోచన. అందుకోసం మొరాకో వెళ్లారు, ఇస్తాంబుల్ వెళ్లారు, పాత బజార్లలో గోడల మీద ఎండ ఎలా పడుతుందో చూసి వచ్చారు. ఆరిజోనాలో రాళ్లుగా మారిన పురాతన వృక్షాల నుంచి ఊరి నల్ల శిఖరాలకు రూపం తీసుకున్నారు. నేల మీద డ్రాయిడ్లు తిరిగిన జాడ ఉండాలని, సినిమా కోసం తయారైన ఆర్‌2-డీ2 చక్రాల అచ్చు తీసి కాంక్రీటు మీద ముద్రలు వేశారు. వంద అడుగులు దాటిన మిలీనియం ఫాల్కన్ నౌకను పూర్తి పరిమాణంలో నిలబెట్టారు. కోకాకోలా సీసా కూడా అక్కడ గుండ్రంగా ఉంటుంది, దాని మీద పేరు ఆ లోకపు ఆరెబెష్ లిపిలో ఉంటుంది. నిజమైన ఊళ్లో నేపథ్య సంగీతం మోగదు కాబట్టి సినిమా సంగీతాన్ని వీధుల్లోకి రానివ్వలేదు. పార్కు కోసమే విలియమ్స్ రాసిన స్వరరచనకు 2020లో గ్రామీ వచ్చినా సరే, ఆ నియమం సడలలేదు.

ఇంత పట్టుదలతో ఒక ఊహాలోకాన్ని కట్టడం మామూలు సంగతి కాదు. నా దృష్టిలో థీమ్ పార్కుల చరిత్రలో ఇంత నిజాయితీగా తలపెట్టిన పని అరుదు. అందుకే అది సగంలో ఆగిపోవడం బాధ కలిగిస్తుంది.

మొదటి ఫిర్యాదు కథాకాలం గురించి. ‘ది లాస్ట్ జెడై’కీ ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’కీ నడుమ కాలంలో బటూను నిలిపారు. ఆ సమయానికి వేడర్ లేడు, హాన్ లేడు, ల్యూక్ కూడా లేడు. 1977లో తొలి సినిమా చూసి మనసు పారేసుకున్న తరం పిల్లల్నీ మనవళ్లనూ వెంటబెట్టుకుని వచ్చి, తాము ప్రేమించినవాళ్లలో ముఖ్యులు కనిపించక వెలితిగా తిరిగి వెళ్లింది. నిజానికి ఈ నియమాన్ని డిస్నీయే మెల్లగా వదులుకుంటూ వచ్చింది. 2022 నవంబరులో వేరే కాలానికి చెందిన మాండలోరియన్, గ్రోగూ డిస్నీల్యాండ్ బటూ వీధుల్లోకి వచ్చారు. కాలం లెక్క తప్పిందని అప్పుడు ఎవరూ పెద్దగా బాధపడలేదు. బుల్లి గ్రోగూ చెవులు కదిలిస్తే పిల్లల ముఖాలు వెలిగిపోయాయి, అంతే. కాబట్టి ఇప్పటి మార్పు సహజమైన ముగింపు. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

చెప్పవలసిందంతా రెండో ఫిర్యాదు గురించే. తెరవడానికి ముందు రూపకర్తలు అభిమానులకు ఒక మాట ఇచ్చారు. ఫాల్కన్‌ను మీరు ఎలా నడిపారో ఆ ఊరు గుర్తుంచుకుంటుంది, నౌకను గుద్దేస్తే పానశాలలో ఆ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు, మీ మంచిపేరైనా చెడ్డపేరైనా మీ వెంటే తిరుగుతుంది అన్నారు. వీధుల్లో డ్రాయిడ్లు తిరుగుతాయని, గ్రహాంతరవాసులు ఎదురుపడతారని, స్థానికులు మీతో బేరాలాడతారని అభిమానులు ఆశపడ్డారు. తలుపులు తెరిచాక చూస్తే రాయి ఉంది, ఇనుము ఉంది, అంగడి ఉంది. ఆ పాత్రల సందడి మాత్రం చాలావరకు లేదు. ‘బ్రైట్ సన్స్’ అని పలకరించే ఉద్యోగులు ఉన్నారు, వాళ్లు తమ చేతనైనంతా చేశారు. కాని బిల్లు కొడుతూ, క్యూ నడిపిస్తూ పాత్రలో బతకడం ఎవరికైనా ఎంతసేపు సాధ్యం?

ఊరు బదులు పలకవలసిన చోట ఒక ఫోన్ యాప్ మిగిలింది. దాన్ని డేటాప్యాడ్ అన్నారు. తలుపు పక్కన పలకను దానితో ‘హ్యాక్’ చేయవచ్చు, పెట్టె లోపల ఏముందో చూడవచ్చు, ఆరెబెష్ రాతలు చదివించుకోవచ్చు. తెలివైన పరికరమే. అయితే చుట్టూ ఇంత లోకాన్ని కట్టి, అందులో నిలబడ్డ మనిషిని తల వంచుకుని అరచేతిలోని తెర చూడమనడం ఆ లోకానికే నష్టం. అభిమానులు దీన్ని మొదటి వారాల్లోనే పట్టుకున్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందన్నది లెక్కల పుస్తకంలో ఉంది. భవనానికి పెట్టిన ఖర్చు పెట్టుబడి, దాన్ని ఏళ్ల తరబడి తరుగుదలగా చూపుకోవచ్చు. నటుడి జీతం ప్రతి వారం చెల్లించాలి, ప్రతి త్రైమాసికంలో కనిపిస్తుంది. పొదుపు చేయమని పైనుంచి మాట రాగానే ముందు పోయేది మనుషులే. కట్టిన శిఖరాన్ని ఎవరూ కూల్చలేరు, పెట్టుకోబోయే నటుణ్ని మాత్రం పెట్టుకోకుండా ఊరుకోవచ్చు.

సందర్శకుడి దుస్తుల సంగతి కూడా ఇందులో భాగమే. డిస్నీ పార్కుల్లో 14 ఏళ్లు, ఆ పైబడినవారు పాత్రల వేషాలు వేసుకుని రాకూడదు. భద్రత కోసం పెట్టిన నిబంధన, అర్థం చేసుకోదగ్గదే. కాని బటూలో దుకాణం జెడై అంగీ అమ్ముతుంది, కొన్న పెద్దవాళ్లు దాన్ని ఆ వీధిలోనే తొడుక్కోకూడదు. అభిమానులు దీనికి తామే దారి వెతుక్కున్నారు. ముతక రంగు చొక్కా, తోలు పటకా, బూట్లు, సంచి, ఇలా మామూలు బట్టలతోనే బటూ మనుషుల్లా కనిపించే పద్ధతి పుట్టింది. ఆ లోకానికి కొరతపడిన జనం తామే కావడానికి సొంత ఖర్చుతో ముందుకొచ్చారు. ఒక సంస్థకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ లోకం బదులు పలికిన చోట అభిమానులు ఎలా స్పందించారో కూడా చూడాలి. ‘రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్’ రైడ్‌ను 2019 డిసెంబరులో ఫ్లోరిడాలో, 2020 జనవరిలో కాలిఫోర్నియాలో తెరిచారు. అందులో నౌక తలుపు తెరుచుకోగానే విశాలమైన హ్యాంగర్, వరసలు తీరిన స్టార్మ్‌ట్రూపర్లు కనిపిస్తారు. చూడగానే ఊపిరి ఆగుతుంది. కాని బయటికి వచ్చినవాళ్లు ఉత్సాహంగా చెప్పుకునేది ఇంకొకటి కూడా ఉంది. నల్ల యూనిఫాంలో నిలబడ్డ, శత్రుపక్షమైన ‘ఫస్ట్ ఆర్డర్’ అధికారి తమను ఖైదీలుగా చూసి గద్దించాడని, నవ్వుతున్నందుకు నిలదీశాడని. మిగతా పార్కంతా నవ్వుతూ పలకరించే ఉద్యోగికి ఇక్కడ కసురుకునే స్వేచ్ఛ దొరికింది. రోబోట్లు, తెరలు, పట్టాలు లేని వాహనాలు అన్నీ కలిసి చేసినంత పనిని ఆ అరనిమిషం గద్దింపు చేస్తుంది.

దీనికి ముందటి ఉదాహరణ కూడా ఉంది. లాస్ వేగాస్ హిల్టన్‌లో 1998 నుంచి 2008 దాకా ‘స్టార్ ట్రెక్: ది ఎక్స్‌పీరియన్స్’ నడిచింది. మామూలు రైడ్ క్యూలో నిలబడ్డామనుకున్నవాళ్లు దీపాలు ఆరి వెలిగేసరికి ఎంటర్‌ప్రైజ్ నౌకలో ఉండేవాళ్లు. చీకట్లో చుట్టూ ఉన్న గోడల్నీ పైకప్పునూ పైకి లేపేసేవారు. ఆ ఉపాయం అద్భుతమే. ఆ పక్కనే ఉన్న క్వార్క్స్ బార్‌లో క్లింగాన్లు, ఫెరెంగీలు బల్లల మధ్య తిరుగుతూ తింటున్నవాళ్లతో వాదన పెట్టుకునేవాళ్లు. మూతపడి ఇన్నేళ్లయినా ట్రెక్ అభిమానులు ఆ క్లింగాన్ తమనేమన్నాడో పూసగుచ్చినట్టు చెబుతారు.

ఈ వాదనకు అడ్డుగా ‘గెలాక్టిక్ స్టార్‌క్రూజర్’ను చూపిస్తారు. ఫ్లోరిడాలో 2022 మార్చి 1న తెరిచిన ఈ వంద గదుల హోటల్ పూర్తిగా నటుల మీద నడిచింది. రెండు రాత్రులు హాల్సియన్ అనే అంతరిక్ష నౌకలో గడపాలి. కిటికీల్లో నక్షత్రాలు, కెప్టెన్‌తో, గాయనితో, మెకానిక్‌తో మాటామంతీ, ఏ పక్షాన చేరతావో నీ ఇష్టం. పెద్దలు కూడా వేషాలు వేసుకోవచ్చు. ఇద్దరికి కనీస ధర 4,809 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో మూడున్నర లక్షల రూపాయలకు పైమాట. 2023 సెప్టెంబరు చివరికి మూసేశారు. మూసివేత వల్ల తరుగుదల కింద సుమారు 25 కోట్ల డాలర్ల భారాన్ని డిస్నీ లెక్కల్లో చూపింది. మనుషుల మీద నడిచే వినోదం గిట్టుబాటు కాదని దీని నుంచి తేల్చేశారు.

ఈ తీర్పుతో నేను ఏకీభవించను. ఆ హోటల్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది దాన్ని జీవితంలో మరవలేని అనుభవమన్నారు. చివరి ప్రయాణాల్లో నటులకు వీడ్కోలు చెబుతూ ఏడ్చినవాళ్లున్నారు. మరోవైపు సొంత డబ్బుతో వెళ్లిన యూట్యూబ్ విమర్శకురాలు జెన్నీ నికల్సన్ 2024 మేలో నాలుగు గంటల విశ్లేషణ వెలువరించారు. తాను ఎంచుకున్న పక్షాన్ని యాప్ గుర్తించలేదని, అందువల్ల కథ తనదాకా రానేలేదని, విందు ప్రదర్శన వేళ తన బల్లకు స్తంభం అడ్డొచ్చిందని అందులో వివరించారు. ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. నటుడి కన్ను పడినవాళ్లు ఆనందించారు, యాప్ చేతిలో పడినవాళ్లు మోసపోయామనుకున్నారు. వంద గదుల కోసం అంత బృందాన్ని పోషించడంతో ధర ఆకాశానికి చేరింది. రోజూ వేల మంది టికెట్ కొని నడిచే 14 ఎకరాల ఊళ్లో అందులో కొంతమందిని పెట్టి ఉంటే ఆ ఖర్చు ఎంతమందికి పంచబడేదో ఆలోచించాలి.

ఇది గాలిమాట కాదు. డిస్నీల్యాండ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే నాట్స్ బెర్రీ ఫామ్ ఉంది. అక్కడి పాత కౌబాయ్ ఊరిలో 2016 నుంచి వేసవిలో ‘ఘోస్ట్ టౌన్ అలైవ్’ నడుపుతున్నారు. షెరీఫ్‌లు, దొంగలు, ఊరి జనం వేషాల్లో నటులు ఉంటారు. వచ్చినవాళ్లు ఉత్తరాలు మోస్తారు, తగాదాల్లో తలదూరుస్తారు, వాళ్ల పనులను బట్టి ఆ రోజు కథ మలుపు తిరుగుతుంది. మామూలు ప్రవేశ టికెట్‌తోనే ఇదంతా. రోజంతా కథలో పాత్రలై తిరిగే ఆ పిల్లల చేతుల్లో ఫోన్ అక్కర్లేదు.

మన ఊళ్లలో పగటి వేషగాళ్లు చేసినది సరిగ్గా ఈ పనే. వాళ్లకు రంగస్థలం లేదు, తెర లేదు. వేషం వేసుకుని నడి వీధిలోకి వచ్చి, గుమ్మంలో కూర్చున్నవాళ్లతో ఆ పాత్రగానే మాట కలిపేవాళ్లు. గృహస్థు ఏదంటే దానికి అప్పటికప్పుడు పాత్రకు తగ్గ జవాబిచ్చేవాళ్లు. ఆ కాసేపూ మన వీధే కథాస్థలం అయ్యేది. బటూ రూపకర్తలకు వీధి ఉంది, మన వేషగాళ్లు కలలో కూడా ఊహించనంత గొప్ప వీధి.

అభిమానుల మాట ప్రతిదీ శిరోధార్యమని నేననను. వాళ్లలో వాళ్లకే పొసగదు. ఒకరికి వేడర్‌తో ఫొటో కావాలి, ఇంకొకరికి వేడర్ కనబడితే కాలక్రమం చెడిందన్న దిగులు. ఏ సినిమా చూడని ఆరేళ్ల పిల్లకు, తాతకు తోడుగా వచ్చిన అమ్మమ్మకు కూడా ఆ చోటు నచ్చాలి కదా. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రుల్ని డిస్నీ పార్కులకు తీసుకెళ్లడం చూస్తూనే ఉన్నాం. ఆ పెద్దవాళ్లకు జెడై ఎవరో, సిత్ ఎవరో తెలియదు. కథ తెలియనివాళ్లకు పాత ముఖాలు చూపిస్తే ఏం లాభం? ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే, చేతికి ఒక పెట్టె ఇచ్చి ‘సైనికుల కంట పడకుండా ఆ మూలకు చేర్చండి’ అని సైగ చేస్తే, ఆ పెద్దవాళ్లు కూడా కథలోకి వస్తారు.

ఈ చర్చ మనకు మరీ దూరంది కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్‌ను చూడడానికి జనం వెళుతూనే ఉన్నారు. ‘కల్కి 2898 ఏడీ’ కోసం చేసిన బుజ్జి వాహనాన్ని ఊరూరా తిప్పితే దాని చుట్టూ మూగిన గుంపుల్ని చూశాం. తెలుగు సైన్స్ ఫిక్షన్ లోకాన్ని ఎవరైనా రేపు నేల మీద కట్టాలనుకుంటే, సెట్ ఖర్చుతో పాటు అందులో రోజూ బతికే నటుల జీతాలను కూడా మొదటి రోజు బడ్జెట్‌లోనే రాసుకోవాలి. వీధి నాటకం, సురభి వంటి సంప్రదాయాలున్న చోట అలాంటి నటులకు కొరత ఉండదు.

ఇక డిస్నీ విషయానికొస్తే, ఈ కథాకాలం మార్పును కాలిఫోర్నియాకే ప్రకటించారు, ఫ్లోరిడా బటూకు ప్రకటించలేదు. ఒకే నమూనాలో, ఒకే విస్తీర్ణంలో, అవే రైడ్లతో కట్టిన రెండు ఊళ్లలో ఒకదాని కాలమే మారుతోంది. పాత ముఖాల లోటే అసలు లోపమైతే కాలిఫోర్నియాకు వచ్చేవాళ్ల అసంతృప్తి త్వరలోనే తీరిపోవాలి. నా అంచనా వేరు. వేడర్‌తో ఫొటో దిగే ఉత్సాహం కొన్నాళ్లుంటుంది, ఆ తర్వాత అభిమానులు మళ్లీ ఫాల్కన్ దిగి వచ్చి పానశాలలో ఎవరైనా తమ సంగతి ఎత్తుతారా అని చూస్తారు. తెరవడానికి ముందు ఇచ్చిన ఆ మాటను నిలబెట్టడానికి కొత్త గ్రహాలు అక్కర్లేదు, కొత్త రైడ్లు అక్కర్లేదు. ఒక్కో పార్కుకు ఓ ముప్పై, నలభై మంది నటుల్ని తీసుకుని, వీధుల్లో వదిలి, మాట్లాడే స్వేచ్ఛ ఇస్తే చాలు. ఈ వేసవికే మొదలుపెట్టవచ్చు.